ముప్పై ఏడు చాలు

సీజన్ చివరి ఆట ముగిసిన మర్నాడు పొద్దున్నే టకోమా బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ స్ట్రాండ్ గదికి, అతనికంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన మేనేజర్ ట్రెవర్ వచ్చి కూర్చున్నాడు. కిటికీ బయట వాన.

"అది కాదు కోచ్, నేననేదేంటంటే..."

"నువ్వనేది ఇందాకట్నుంచీ వింటున్నా ట్రెవర్. 'ఈ సీజన్ నిరాశపరిచింది.' ఎవర్ని? ఎనభై రెండు ఆటల్లో నలభై ఏడు గెలిచాం."

"గెలిచాం. కానీ తొమ్మిదో స్థానం. ఎనిమిది జట్లకే కదా ప్లేఆఫ్స్."

"లీగ్‌ని రెండుగా చీల్చి పడమటి వైపు ఎనిమిది, తూర్పు వైపు ఎనిమిది. ఆ తూర్పున ఎనిమిదోవాడెవడు? నీ నోటితో చెప్పు, వింటాను."

"బఫెలో."

"ఎన్ని గెలిచింది?"

"ఇప్పుడదెందుకు కోచ్..."

"ఎన్ని?"

"ముప్పై ఆరు."

"గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. అయినా శనివారం వాళ్లు కప్పు కోసం ప్లేఆఫ్స్ ఆడతారు, మనం సోఫాలో పడుకుని చూస్తాం! చెట్లు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమట. అది ఆముదం చెట్టు కూడా కాదయ్యా, గడ్డిపరక. రెండుసార్లు ఎదురుపడితే రెండుసార్లూ తొక్కేశాం."

"రూలు అందరికీ ఒకటే కదండీ."

"ఒకటే! ఇటువైపు మనం వారం వారం పులులతో కలబడాలి. అటువైపు వాళ్లు పిల్లుల్లో పెద్దపిల్లి ఎవరో తేల్చుకుంటే చాలు. రెండు వైపుల జట్లనీ ఒకే వరసలో నిలబెట్టి పై పదహారు ఏరితే మనం దర్జాగా లోపలుంటాం. పసిపిల్లకి చెప్పినా అర్థమవుతుంది. సూట్లేసుకునే మీ ఆఫీసువాళ్లకే బుర్రకెక్కదు."

"బుర్రకెక్కక కాదు. రూలు మార్చడానికి జట్ల యజమానుల ఓట్లు పడవు. తూర్పు యజమానులెందుకు ఒప్పుకుంటారు?"

"వాళ్ల సంగతి సరే. మన యజమానురాలి ఓటెటు?"

"ఆవిడ... అంటే, ప్రయాణాలు పెరుగుతాయని..."

"నీళ్లు నమలకు."

"వద్దనే వేశారు."

"భేష్! తలుపు తనే మూసి, లోపలికెందుకు వెళ్లలేదని నన్నడుగుతోందన్నమాట. ఇంతకీ నాకేం చెప్పమంది?"

"మార్పు అవసరమంటున్నారు."

"దేంట్లో? ఈ కార్పెట్లోనా?"

"నాయకత్వంలో."

"నా చోట ఎవర్ని తెస్తున్నారు?"

"ఇంకా ఏదీ ఖాయం కాలేదు..."

"ట్రెవర్."

"ప్లేఆఫ్స్ అనుభవం ఉన్న మనిషే కావాలన్నారు. అందుకని... లోమాక్స్."

"బఫెలో లోమాక్స్."

"వరసగా మూడేళ్లు జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లాడు కోచ్!"

"తీసుకెళ్లడమేంటి? తలుపు బార్లా తీసుంటే నడిచి వెళ్లాడు. మూడేళ్లూ మొదటి మెట్టు మీదే బోర్లా పడ్డాడు. వాడి అనుభవం అదే. ఎప్పుడొస్తాడు?"

"వాళ్ల ఆటలు అయిపోగానే."

"అయితే వచ్చేవారమే. మంచిది."

"కోచ్, మీరే రాజీనామా చేశారనుకోండి, గౌరవంగా..."

"చేయను."

"మీ మంచికే చెప్తున్నా."

"నా మంచి నాకు తెలుసు. మార్పు, నాయకత్వం, గౌరవం... ఇవన్నీ ఎందుకు? తీసేస్తున్నానని చెప్పు. నా మొహం చూసి చెప్పు."

"ఎందుకండీ ఇలా..."

"ఆ మాత్రం ధైర్యం కూడా లేదా?"

"సరే. మిమ్మల్ని తీసేస్తున్నాం."

"ఇప్పట్నుంచేనా?"

"ఇప్పట్నుంచే. ఏమనుకోకండి కోచ్."

"అనుకోవడానికేముంది? ఆ బల్ల మీది ఫోను ఇలా అందించు."

"ఎవరికి చేస్తారు? ఆవిడకా?"

"బఫెలోకి. లోమాక్స్ కుర్చీ ఖాళీ అవుతోందని మొన్నే కబురు పెట్టారు. నా అంతట నేను మానేస్తే వేరే జట్టు గడప తొక్కకూడదని మీ లాయరే ఒప్పందంలో రాశాడుగా. అందుకే నీ నోటి నుంచి ఆ మాట రావాలని కూర్చున్నా."

"బఫెలోకా! ఇందాకట్నుంచీ గడ్డిపరకంటూ తిట్టింది వాళ్లనేగా?"

"ఇంకా తిడతాను. ఆ గడ్డిపరకకి నీళ్లు పోస్తూ తిడతాను. వచ్చే ఏడాది నీ లోమాక్స్‌ని ఇక్కడ నలభై ఏడు గెలవమను ట్రెవర్. అక్కడ నాకు ముప్పై ఏడు చాలు."