ఓబయ్య తెచ్చిన మట్టికడ్డీ

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా గఫూర్ టీ అంగడి. ఎనభైల మొదట్లో, వానల్లేక కుందూ నది కూడా ఇసకతేలిన ఒక ఎండాకాలం. పొద్దున్నే ఓబయ్య వచ్చి బెంచీ మీద కూచుని, తడిగుడ్డ మూట ఒకటి ఒళ్లో పెట్టుకున్నాడు. నంద్యాల పక్క బోరు క్యాంపులో కూలికి పోయిన మనిషి, ఉన్నట్టుండి పని మానేసి మొన్న ఊరు చేరాడు. ఎందుకు వచ్చాడో గఫూర్‌కు తెలియదు. వచ్చాడంటే కథ ఉంటుందని మాత్రం తెలుసు.

ఓబయ్య గుడ్డ విప్పాడు. మణికట్టు లావున, మూరెడు పొడుగున మట్టికడ్డీ. అడ్డంగా చారలు, నల్లనిదొకటి, తెల్లనిదొకటి.

“ఏందప్పా ఇది, కట్లపామా?” అన్నాడు విగ్రహాలు చెక్కే సుబ్బరాయుడు.

“పాము గాదు, కాలం! నంద్యాల అవతల పెద్ద పల్లం ఉండాది గదా, మనుషులు పుట్టకముందు అదొక సరస్సంట. ఏటేటా వాననీళ్లు మట్టి తెచ్చి అడుగున పరిచి పోయినాయి. ఆ మట్టి తీసి చూడనీకి ఆఫీసర్లు దాంట్లోకి గొట్టం దింపిరి. ఇరుక్కుపాయ. పదిమంది లాగినా రాల్యా. నేను టీ తాగి, మూతి తుడుచుకొని, ఒంటిచేత్తో పట్టుకుంటి. వచ్చ!”

“ఒంటిచేత్తోనే?”

“ఇంకో చేతిలో బీడీ ఉండ్య. ఇనండప్పా. ఈ నల్లచార వానలు బాగా పడిన కాలం. తెల్లచార కరువు, నీళ్లింకి సున్నం మిగిలిన కాలం. ఎంత లావుండాదో చూడండి.”

గఫూర్ వంగి చూశాడు. తెల్లచార రెండు వేళ్ల మందం ఉంది. “ఇది ఎన్నేండ్ల కరువు?”

“వందల ఏండ్లని ఆఫీసరు చెప్ప.”

గఫూర్ చేతిలో గరిట ఆగిపోయింది. రెండేళ్లు వాన తప్పితేనే పల్లెల్లో గొడ్లకు గడ్డిపరక లేదు. వందల ఏండ్లా! “యా అల్లా” అన్నాడు. పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి.

“ఆ తర్వాత ఏమాయనో తెలుసునా?” ఓబయ్య కడ్డీని తిరగేశాడు. “ఈడ చారలు తెగి పక్కకు వాలినాయి. భూమి ఒళ్లు విరుచుకుండాది. ఈ పక్క లేచ, ఆ పక్క కుంగ. నేను ఊరకుంటానా? తెల్లచారను గోరుతో గీకితి. ఆనాటి వడగాలి బుస్సుమని వచ్చి ఆఫీసరు మీసాలు మాడ్చేసినాది!”

“అయ్యో పాపం!”

“పాపమనే నల్లచార పిండితి. వాన! పాతకాలం వాన! గుడారాలు తేలిపాయ. దోసిట పట్టి తాగితే చప్పగుండ్య, అప్పటికింకా ఉప్పు పుట్టల్యా గదా.” మళ్లీ కడ్డీ తిరగేశాడు. “ఆ తర్వాత? తెగినచోట వేలు పెడితి. లోపల పండుకున్న భూకంపం లేచ. మహానంది నుంచి ఆళ్లగడ్డ దాకా నేల చీలిపాయ. ఆ పక్కనుంచి బస్సొస్తాంది. బస్సు నిండా జనం. ఏం చేయల్ల? చీలికకు అడ్డంగా పండుకుంటి, ఆ గట్టున చేతులు, ఈ గట్టున కాళ్లు. బస్సు నా ఈపు మీదనే పాయ. కండక్టరు కిటికీలోంచి వంగి నాక్కూడా టికెట్ కొట్టె!”

అంగడంతా నవ్వింది. మూల స్టూలు మీద, ఇందాక బస్సు దిగివచ్చిన ఒకామె మాత్రం నవ్వలేదు. టీ చల్లారిపోయింది ఆమె చేతిలో.

“ఆ బస్సులో నేనుండాను” అంది.

నవ్వులు ఆగిపోయాయి. అందరికంటే ఎక్కువ నిర్ఘాంతపోయినవాడు ఓబయ్యే. తన కథకు సాక్షి దొరకడం ఆయన ఎరుగడు. తేరుకుని, “ఇన్యారా! అమ్మే చెప్తాంది!” అన్నాడు.

“ఈపు మీద గాదన్నా, మొన్న నువ్వూ లోపలే ఉంటివి. గొట్టంలోంచి బురదనీళ్లు చిమ్మితే బెదిరి, చేతిలో ఉండేది ఉన్నట్టే పట్టుకొని ఉరికొచ్చి బస్సెక్కితివి. సీటు కింద దూరి ఆళ్లగడ్డ దాకా తలెత్తల్యా. గుడ్డ కప్పింటే పసిబిడ్డనేమో అనుకుంటి. నా పేరు జీవమ్మ. క్యాంపులో కావలుండే బాలస్వామి నా మొగుడు. ఈ కడ్డీ ఆయనే దొంగిలించినాడని నిన్న పనిలోంచి తీసేసినారు. నిన్ను ఎతుక్కుంటా వచ్చినా.”

ఓబయ్య బెంచీ మీద దించిన కడ్డీపై ఆనించిన తన టీ గ్లాసును సుబ్బరాయుడు మెల్లగా తీసుకున్నాడు. దాని అడుగు మట్టిలో గుండ్రంగా అచ్చు పడింది.

జీవమ్మ దగ్గరికి వచ్చింది. “దీని పైముక్క ఆడ ఉండాది, కిందిముక్క ఉండాది. నడుమ ఇదొక్కటే లేదు. వానలు పోయి కరువొచ్చెనా, కరువు పోయి వానలొచ్చెనా, నేల కదిలింది ముందా ఎనకా, అంతా దీంట్లోనే ఉండాదంట. ఏ పక్క పైదన్నా?”

ఓబయ్య కడ్డీని చూశాడు. ఈ కొస చూశాడు, ఆ కొస చూశాడు. కథ సాగినంతసేపూ తిప్పి తిప్పి చూపించిందే.

“తెలీదమ్మా” అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ నోట ఆ మాట గఫూర్ ఎప్పుడూ వినలేదు.

జీవమ్మ కుండలో నీళ్లు ముంచి గుడ్డ తడిపి, కడ్డీని చుట్టి, మళ్లీ ఓబయ్య ముందే పెట్టింది.

“ఇరిగిన అంచులు చూసి పైదేదో వాళ్లే పోల్చుకుంటారులే. నా మొగుడు దొంగ గాదనేది మాత్రం నువ్వే వచ్చి చెప్పల్ల. ఎత్తుకో.”

ఓబయ్య రెండు చేతులతో ఎత్తుకున్నాడు.