మణివన్ పంపిన పాలు

లావోస్ ఉత్తరాన, కొండల మధ్య ఒక చిన్న ఆసుపత్రి. ఎడమ కాలు పోయి, కళ్ళకు కట్టుతో మంచం మీద బాలింత మణివన్. పక్కన స్టూలు మీద ఆమె తల్లి ఫెంగ్, చేతిలో పాలసీసా పట్టుకుని.

“నిండిందా అమ్మా?”

“సగం పైనే వచ్చాయి మణివన్. ఇక చాలు, నొప్పి పెడుతుంది.”

“పిండకపోతేనే నొప్పి. రెండో వైపూ తియ్యి. నిన్నటివి తాగిందా?”

“తాగింది. మీ వదిన పట్టింది.”

“అన్నీ?”

“ఆఁ... అన్నీ. వెక్కిళ్ళు కూడా వచ్చాయి.”

“వెక్కిళ్ళు వచ్చాయా.”

“వచ్చాయిలే. కాలెలా ఉంది?”

“లేని కాలు ఎలా ఉంటుందమ్మా? దురద పెడుతోంది. మా ఆయన రాలేదే?”

“కోతలు కదా.”

“కోతలై నెల దాటింది.”

“అదే, నూర్పిళ్ళు. ఊపిరాడట్లేదు పాపం.”

“ఇంటి కింద, స్తంభాల మధ్య, బాంబు పేలిన గొయ్యి పూడ్చాడా?”

“పూడ్చాడు. బాంబులు తీసేవాళ్ళు యంత్రం పెట్టి వెతికారు. ఇంకో రెండు దొరికాయి, జామకాయలంత. నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడు యుద్ధంలో విమానాలు పోసి పోయినవట.”

“ఇన్నేళ్ళూ మన కిందే ఉన్నాయన్నమాట.”

“వాటి మీదే మగ్గం వేసుకుని నేశాను. కోళ్ళను పెంచాను. ఒక్కనాడన్నా చప్పుడు చేశాయా? తప్పు నాదే తల్లీ. బాలింత కాచుకునే నిప్పులు పైన, ఇంట్లో, మట్టిపెట్టెలో పెట్టాలి. కొత్త చెక్క నేల మాడిపోతుందని నిన్ను కిందికి దింపాను. పన్నెండు రోజులు ఆరనివ్వకుండా నేల మీద మంట పెట్టాను.”

“దిగమన్నావు, దిగాను. వెచ్చగా ఉందన్నాను కూడా.”

“కాచుకోకపోతే ఒళ్ళు పాడవుతుందని... మా అమ్మ నాకు చేసింది, నేను నీకు చేశాను. అంతే కదే.”

“ఏడవకమ్మా.”

“ఏడవట్లేదు. జలుబు.”

“పాపకి పేరు పెట్టారా?”

“నువ్వొచ్చాక.”

“చేతికి దీవెన దారాలు కట్టారా?”

“అన్నీ నువ్వొచ్చాకే.”

“ఎవరి పోలిక వస్తోంది?”

“నీదే. ముక్కు అచ్చం నీదే. ఇక లేస్తా, బస్సు వెళ్ళిపోతుంది.”

“కూర్చో. ఆ పొద్దున దాని పాదాలు చల్లగా ఉన్నాయమ్మా. పాప పడుకున్న బుట్టని నిప్పుల వైపు జరిపింది నేనే.”

“మణివన్, వద్దు...”

“పేలాక, కళ్ళు మూతపడే ముందు బుట్ట చూశాను.”

“అయ్యో. చూశావా?”

“చూశాను. నువ్వు దింపావు, నేను జరిపాను. ఇద్దరం చలికే భయపడ్డాం.”

“మొదటినుంచీ తెలుసా నీకు? మరి రోజూ ఈ పాలు...”

“ఎక్కడ పోస్తున్నావు?”

“వెదురుపొదల్లో. పోయిన పసివాళ్ళని పూడ్చిపెట్టేది అక్కడే కదా. ఎవరూ చూడకుండా వెళ్ళి, ఆ మట్టి మీదే...”

“నేను పంపేదీ అక్కడికేనమ్మా. మూత గట్టిగా పెట్టు.”