మబ్రూక్ నన్ను తొవ్వ దిగనియ్యలే

"తాతా, పొద్దుగాల దేవునికి మొక్కేటప్పుడు మబ్రూక్, మబ్రూక్ అంటవు. ఎవరు తాతా ఆయన?"

ఎవరంటే ఏం చెప్పాలె బిడ్డా... దేవుడే అనుకో. కాదు కాదు, మనిషే. మనలెక్క కూలి మనిషి. మీ నాయినమ్మ ఉన్నప్పుడు కొట్లాడేది, మన దేవుని గూట్ల ఆ అరబ్బాయన పేరెందుకని. ఆయన లేకుంటె నీ మెడల పుస్తెలు ఉండకపోయేటివి, నోర్ముయ్ అంటుంటి. ఆ ఫోను జర దగ్గర పెట్టు, నా గొంతు పడ్తదో లేదో.

ఒమన్ల సలాలా అని ఊరున్నది. దాని పక్కపొంటి రైసూత్‌ల ఓడలు ఆగేతందుకు సముద్రంల బండలు పోసుడు మా పని. డెబ్బయి మూడో... కాదు, నాలుగు. మీ పెద్దనాయిన పుట్టిన ఏడాదే. కిలో బియ్యం రూపాయిన్నర ఉంటే గూడ కొనే గతి లేకుండె మనకు. బొంబాయిల ఉండే మా మేనబావ వీసా తెచ్చి పుణ్యం కట్టుకున్నడు. వాడు మొన్ననే పోయిండు, పాపం.

అక్కడ లడాయి నడుస్తుండె. కొండల మీదోళ్ళకు, సర్కారోళ్ళకు. బండలేమో మాకు కొండ కిందికెల్లే రావాలె, ఇగ సూడు మా బతుకు! రోడ్డు తప్పితే మందుపాతరలు. మిలిటరోళ్ళు రోడ్డు మందం సాఫు చేసి, రెండు దిక్కుల సున్నం పూసిన రాళ్ళు పెట్టిన్రు. ఆ రాళ్ళు దాటద్దని డ్యూటీకెక్కిన మొదటి నాడే చెప్పిన్రు. నాకు మంచిగనే సమజైంది.

కని అలవాటుంటది సూడు, అది చెప్తె ఇనదు. మా నాయిన దొర కాడ జీతం. జీతమంటే నీ సాఫ్ట్‌వేర్ జీతం కాదు తల్లీ, తాత తీసిన అప్పుకు మనుమడు గూడ చాకిరి చేసుడు. దొర ఎదురొస్తుండంటే చెప్పులిడిసి చేతుల పట్టుకొని, తొవ్వ దిగి, తుమ్మల పొంటి వంగి నిలవడాలె. నడుసుడు నేర్సినకాడికెల్లి నేను గూడ గదే చేసిన. ఎందుకని ఎన్నడడగలే.

ఒకనాడు పగటీలి నేను, మబ్రూక్ రోడ్డు మీద నడుస్తున్నం. మబ్రూక్ అక్కడోడే, నాతోటి బండలెత్తేటోడు. ఎన్కకెల్లి అర్బాబ్ జీపు హారన్ కొట్టింది. అర్బాబ్ అంటే మా పెద్దసారు. ఇగ నా కాలు నా మాట ఇన్లే. చెప్పులిడిసి చేతుల పట్టుకున్న, సున్నపు రాయి అవుతల అడుగు పెట్టబోయిన. మబ్రూక్ నా అంగి పట్టి గుంజిండు సూడు, రోడ్డు మీద ఎల్లెలకల వడ్డ! జీపు మమ్ముల తప్పిచ్చుకొని పోయింది. అర్బాబ్ ఇటు సూడనన్న సూడలే. ఆయనకు నా వంగుడు అక్కరనే లేదు.

పొద్దుగూకంగ మిలిటరోళ్ళొచ్చి గక్కడికెల్లే పళ్ళెమంత మందుపాతర తవ్వి తీసిన్రు. నా లాగు తడిసింది బిడ్డా. నవ్వకు.

చెప్పులెందుకిడిసినవని మబ్రూక్ అడిగిండు. వచ్చీరాని హిందీల దొర ముచ్చటంత చెప్పిన. మబ్రూక్ నవ్వలే. "నేను గూడ కొన్న మనిషినే" అన్నడు. "మా అమ్మను కొన్ననాడు నేను ఆమె కడుపుల ఉన్న. కొత్త సుల్తాన్ వచ్చినంక ఇగ బానిసలు లేరన్నరు. అయినా పాత మాలిక్ ఇంటి ముందటికెల్లి పోతే నా తల దానంతటదే వంగేది. మా అన్న సుల్తాన్ మాట వచ్చేదాక ఆగలే. బానిసత్వం ఉండద్దని కొండ మీదోళ్ళు గూడ అంటున్నరని పోయి తుపాకి పట్టిండు. గా మందుపాతర మా అన్న పెట్టిందే కావచ్చు. నువ్వు సస్తె ఆ పాపం ఆయనకు తాకుతుండె. గందుకే గంత గట్టిగ గుంజిన." చెప్పుకుంట ఏడ్సిండు. నేను గూడ ఏడ్సిన. లడాయి ఒడిసినంక గూడ వాళ్ళన్న దిగి రాలే.

రెండేండ్లకు లీవు మీద ఊరికొచ్చిన. అప్పటికే నాయిన అప్పు తెంపిన, ఆ దేశం సల్లగుండ. ఇద్దరం బజార్ల పోతున్నం. దొర జీపు ఎదురొచ్చింది. నాయిన చెప్పులకు వంగిండు. నేను రెట్ట పట్టిన.

"ఇడువురా, సంపుతడు!" అని రెట్ట గుంజుకుంటుండు ముసలోడు.

"నడువు నాయినా" అన్న.

నాకు భయం గాలేదా? అయింది, అబద్ధమెందుకు. హారన్ మీద హారన్. నేను రెట్ట ఇడువలే, ఇద్దరం తొవ్వ నడిమిట్లనే నడిసినం. ఆఖరికి జీపే పక్కకు దిగి, దుబ్బ లేపుకుంట పోయింది.

తెల్లారి దొర గడీకెల్లి పిలుపొస్తదని సూసినం. రాలే. నాయిన ఆనాడు ఇంట్లకొచ్చినంక గూడ చెప్పులిడువలే బిడ్డా. మా అమ్మ తిట్టంగ తిట్టంగ, చెప్పులతోటే మంచంల కూసోని బువ్వ తిన్నడు.

నీకు పిల్లలైనంక ఈ ముచ్చట చెప్పు. "పో, మనుషులు గట్ల వంగుతరా, తాత అబద్ధాలాడిండు" అనాలె వాళ్ళు. గంత సల్లగ బతకాలె మీరు...