జానెడు దూరంలో అడ్డురాయి

తేదీ: 19 డిసెంబరు 2024, గురువారం. సమయం: ఉదయం 11 గంటల 20 నిమిషాలు. మేజిస్ట్రేటు వారి గదిలో, పోలీసులెవరూ లేకుండా నమోదు చేసినది.

నా పేరు కిల్లో దెబోరా. వయసు ఇరవై రెండు. భర్త పేరు కిల్లో టైటస్. మాది అనంతగిరి మండలం జీలుగువలస. ఏడో తరగతి వరకు చదివాను. కాఫీ తోటలో పండ్లు కోస్తాను, ఇంటి పని చేస్తాను. మాకు ఎనిమిది నెలల ఆడపిల్ల ఉంది. పిల్ల ఇప్పుడు మా అత్త కనక దగ్గర, బయట వరండాలో ఉంది.

చెప్పి తీరాలన్న బలవంతం లేదని, చెప్పింది నాకే ఎదురు తిరగవచ్చని మేజిస్ట్రేటు అమ్మగారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని అరగంట బయట కూర్చోబెట్టారు. ఆ అరగంటలో పిల్లకు పాలిచ్చి వచ్చాను. చెబుతాను.

నా భర్తకు ఒక పాత జీపు ఉంది. బాడుగకు తిప్పుతాడు. దానికి సెల్ఫ్ పని చేయదు. హ్యాండ్ బ్రేకు ఏడాది నుంచి పట్టడం లేదు. ఈ సంగతి ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. మా కొండల్లో ఇలాంటి బండ్లను ముఖం పల్లానికి పెట్టి, గేరులో ఉంచి ఆపుతారు. ముందు చక్రానికి అడ్డంగా ఒక రాయి పెడతారు. వెళ్లేటప్పుడు ఆయన సీట్లో కూర్చుని "తియ్యే" అంటాడు. నేను రాయి లాగేస్తాను. బండి పల్లానికి దొర్లుతుంది, ఆ దొర్లుడులో ఇంజను అందుకుంటుంది. పెళ్లయిన దగ్గర్నుంచి రాయి పని నాదే.

రాయిని చక్రానికి పూర్తిగా ఆనించి పెట్టాలి. అలా పెడితే తీసేటప్పుడు కష్టం, బరువంతా దాని మీద ఉంటుంది. డిసెంబరు 10, మంగళవారం నాడు అలాగే బిగిసిపోయింది. లాగుతుంటే నా కుడి చేతి చూపుడు వేలు నలిగింది, గోరు నల్లబడింది. అమ్మగారికి ఆ వేలు ఇప్పుడు చూపించాను.

అందుకని గురువారం, డిసెంబరు 12న, రాయిని చక్రానికి ఆనించలేదు. జానెడు దూరంలో పెట్టాను. బండి కొంచెం కదిలినా వచ్చి రాయికి తగిలి ఆగుతుందనుకున్నాను. ఈ సంగతి నా భర్తకు చెప్పలేదు.

ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి జీపును మా తోట కింద రోడ్డు మీద ఆపాము. అక్కడ తోట గట్టు జీపు కప్పు కన్నా ఎత్తు. కాఫీ పండ్ల బస్తాలు మోసుకుని దిగే పని లేకుండా గట్టు మీంచి జీపులోకి, కప్పు మీదికి విసురుతారు. అందరూ అలాగే చేస్తారు. మా పక్కింటి గాసి మావయ్య తోటలోంచి గట్టు దాకా బస్తాలు తెచ్చాడు. నా భర్త గట్టు మీంచి విసిరాడు. నేను కింద, ముందు చక్రం దగ్గర నిలబడ్డాను.

నా భర్త పైనుంచి అడిగాడు: "రాయి ఎట్టినావేటే?"

"ఎట్టినాను," అన్నాను. అది అబద్ధం కాదు.

గాసి మావయ్య నన్ను చూసి, "ఈడి బండికి బ్రేకు నువ్వేనే అమ్మా. నువ్వు నేకపోతే ఈడు బొర్రా గుహల్లోకెల్లి ఆగుతాడు," అన్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. నవ్వానని కూడా రాయండి.

పదిన్నరకు ఒక తెల్ల కారు మమ్మల్ని దాటి వెళ్లి కింద మలుపులో ఆగింది. అక్కడి నుంచి లోయ బాగా కనిపిస్తుంది, టూరిస్టులు ఆగుతారు. కారు ముఖం పిట్టగోడ వైపు, వెనక భాగం మా వైపు ఉంది. ఒక ఆయన దిగి, కారుకూ గోడకూ మధ్య నిలబడి ఫోన్‌తో లోయను తీస్తున్నారు. ఆయన భార్య కారులోనే ఉన్నారు. ఆయన పేరు సాయినాథ్ అని, విశాఖపట్నం అని తర్వాత స్టేషన్లో తెలిసింది.

అప్పటికి ఇరవై ఒక్క బస్తాలు పడ్డాయి. ఒక్కొక్కటి పడినప్పుడల్లా జీపు ఊగుతోంది. "మెల్లగా దించు మావా, బండి ఊగతంది," అని నా భర్తతో అన్నాను.

"మెల్లగా దించితే మద్దేనమైపోద్ది. ఊగనీయే, ఏటవుద్ది?" అన్నాడు.

ఇరవై రెండో బస్తా పది గంటల నలభై నిమిషాలకు కప్పు మీద పడింది. టైము నాకు తెలుసు, అప్పుడే మా అత్త ఫోన్ చేసింది, పిల్ల ఏడుస్తోందని చెప్పడానికట. ఫోన్ ఎత్తలేదు. బస్తా పడిన దెబ్బకు లోపల గేరు టక్కుమని జారింది.

జీపు కదిలింది. మొదట మా పిల్ల పాకినంత మెల్లగా కదిలింది. జానెడు దూరం వచ్చి రాయికి తగిలింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. మనిషి గడప దాటినట్టు రాయి ఎక్కి దిగింది. వెనక చక్రం కూడా ఎక్కి దిగింది.

నేను జీపు పక్క కమ్మీని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను. మడమలు నేలకు తన్ని లాగాను. ఎడమ చెప్పు తెగింది. లోపలికి ఎక్కి బ్రేకు తొక్కాల్సిందని తర్వాత గాసి మావయ్య అన్నాడు. ఆ పెడళ్లలో బ్రేకు ఏదో నాకు తెలియదు. నేనెప్పుడూ ఆ సీట్లో కూర్చోలేదు.

ఖాళీ డ్రమ్ము దొర్లితే కాలు అడ్డం పెట్టి ఆపుతాం. నీళ్లున్న డ్రమ్ము అంతే మెల్లగా దొర్లినా కాలు తీసేసుకుంటాం. అది నాకు తెలుసు. తెలిసి కూడా లాగుతూనే ఉన్నాను.

మా దగ్గర్నుంచి మలుపుకు ముప్పై ఎనిమిది అంగలు. మొన్న వెళ్లి నడిచి లెక్కపెట్టాను. సగం దూరం లాగుతూ నడిచాను. తర్వాత సగం పరిగెత్తాను. చీరతో, ఒక కాలికి చెప్పు లేకుండా పరిగెత్తాను. అయినా జీపు నన్ను దాటలేదు. చివరి దాకా దాని పక్కనే ఉన్నాను. అది ఎంత వేగమో దీన్నిబట్టి చూసుకోండి. ఇంజను ఆగి ఉంది, అందుకే చప్పుడు లేదు. హారన్ కొట్టలేదని కారులో ఉన్న ఆవిడ చెప్పారట. నిజమే. కొట్టడానికి సీట్లో ఎవరూ లేరు.

జీపు కారు వెనక భాగానికి తగిలింది. కారు హ్యాండ్ బ్రేకు వేసి ఉందంటున్నారు. టైర్లు తిరగకుండానే కారు ముందుకు జరిగింది. రోడ్డు మీద రెండు నల్ల గీతలు పడ్డాయి. కారుకూ గోడకూ మధ్య ఆరడుగులు ఉండేది. తర్వాత ఏమీ లేదు.

గోడ రాళ్లు ఊడాయి. జీపు ఆగింది. కప్పు మీది చివరి బస్తా ఆగలేదు. కారు మీంచి, గోడ మీంచి వెళ్లిపోయింది. అది లోయలో పడిన చప్పుడు చాలాసేపటికి వినిపించింది. నాకు చాలాసేపు అనిపించింది, ఎంతసేపో చెప్పలేను. సాయినాథ్ గారి కళ్లజోడు గోడ మీద మడిచి పెట్టి ఉంది. అది పగల్లేదు. కదలను కూడా కదల్లేదు.

నా భర్త గట్టు మీంచి దూకి వచ్చాడు. ముగ్గురం కలిసి జీపును వెనక్కి నెట్టబోయాం, కదల్లేదు. బస్తాలు దించి మళ్లీ నెట్టాం. అప్పుడు కదిలింది. పదకొండు గంటల పది నిమిషాలకు సాయినాథ్ గారిని ఆటోలో ఎక్కించారు. దారిలోనే పోయారని సాయంత్రం తెలిసింది.

పోలీసులు రాకముందే నా భర్త నాతో అన్నాడు: "నువ్విక్కడ నేవు. ఇంటికాడ పిల్లకి పాలిత్తన్నావు. అంతే సెప్పు."

"మరి బండిలో ఎవలున్నారంటావు?" అన్నాను.

"నానున్నాను," అన్నాడు. "రాయి సంగతి ఎత్తినావంటే నిన్నట్టుకెల్లిపోతారు."

రాయి దగ్గరగా పెట్టానా, దూరంగా పెట్టానా అని ఆయన నన్ను అడగలేదు. ఈ రోజు దాకా అడగలేదు. గాసి మావయ్య కూడా నా భర్త చెప్పినట్టే చెప్పాడు. నేను ఇంటికి వెళ్లిపోయాను.

శనివారం స్టేషన్‌లో ఉన్న నా భర్తకు, అత్తతో కలిసి అన్నం తీసుకెళ్లాను. అక్కడ ఒక పోలీసు ఆయన మా అత్తతో అన్నారు, "ఆగి ఉన్న కారును అంత దూరం తోసి గోడ పగలగొట్టిందంటే అరవైకి తక్కువ రాలేదమ్మా. మీవాడు మనిషిని చంపడానికే తోలినట్టు తోలాడు." నా భర్త తల వంచుకుని అవునన్నాడు. అరవై అన్నా అవునన్నాడు. డెబ్బై అన్నా అనేవాడే.

జీపు చాలా వేగంగా వచ్చిందని కారులో ఉన్న ఆవిడ చెప్పారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. వెనక నుంచి హఠాత్తుగా తగిలితే అలాగే ఉంటుంది. కానీ అది వేగం కాదు. ఇరవై రెండు బస్తాల బరువు. నేను పట్టుకుని లాగాను కాబట్టి నాకు తెలుసు.

నిన్న రాత్రి ఇక్కడికి వస్తానని మా అత్తతో చెప్పాను. "ఇద్దరూ లోపలికెల్తే గుంటకి పాలెవలిత్తారు? నానా?" అంది. కాసేపటికి పిల్ల బట్టలు మడిచి సంచిలో పెట్టింది. తెల్లారి నాతో పాటే బస్సెక్కింది.

మేజిస్ట్రేటు అమ్మగారు అడిగారు: "నీ భర్తను విడిపించుకోవడానికి ఇలా చెబుతున్నావా?"

నా భర్త తప్పు లేదని నేను చెప్పడం లేదు. హ్యాండ్ బ్రేకు బాగు చేయించలేదు. బస్తాలు విసరొద్దంటే విన్లేదు. అవి ఆయన తప్పులు. కానీ ఆయన బండి తోలలేదు. ఆయన వేగంగా వచ్చి మనిషిని గుద్దలేదు. రాయి నాది. ఆ జానెడు నాది.

నేను చెప్పినదంతా గుమాస్తా గారు చదివి వినిపించారు. ఒకచోట "జీపు వేగంగా దొర్లి" అని వచ్చింది. దొర్లి అన్నాను కానీ వేగంగా అనలేదని చెప్పాను. ఆ మాట కొట్టేసి పక్కన అమ్మగారు సంతకం పెట్టారు.

ఇంకేమైనా ఉందా అని అమ్మగారు అడిగారు. ఉంది.

ఆ ముప్పై ఎనిమిది అంగల్లో నేను ఒక్క కేక కూడా వేయలేదు. వేస్తే ఆయన వెనక్కి తిరిగేవారు. పక్కకు ఒక్క అడుగు వేస్తే చాలు. నాకు తెలియని మగవాళ్లను నేనెప్పుడూ పిలవలేదు. ఏమని పిలవాలో తోచలేదు. సార్ అనాలా, అన్నయ్యా అనాలా అని ఆలోచించాను. పరిగెడుతూ అదే ఆలోచించాను. అన్నయ్యా అందామని నోరు తెరిచాను. అప్పటికి జీపు కారుకు తగిలింది.

ఇది నా అంతట నేను వచ్చి చెప్పింది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ భయపెట్టలేదు. చదివి వినిపించగా విన్నాను, ఉన్నది ఉన్నట్టే ఉంది. వేలిముద్ర వేస్తావా అని అడిగారు. పేరు రాయడం వచ్చని చెప్పి రాశాను.

కిల్లో దెబోరా