కుడిచెయ్యి ఎత్తేదాకా

అలా మొహం అటు తిప్పేసుకుంటే ఎలాగండీ? తిన్నది మూడు చెంచాలేగా. పెరుగన్నం మిక్సీలో వేసి, ఇక్కడి నర్సులిచ్చిన ఆ పౌడర్ కలిపి, గంజిలా చేసి పట్టుకొచ్చాను. అన్నాన్ని అలా చంపడం నాకు మాత్రం సరదానా? పలచగా ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నారు. మంచినీళ్ళు కూడా చిక్కబరిచే ఇవ్వాలన్నారు. నేనేం చెయ్యను చెప్పండి?

సరే, వద్దులెండి. మూత పెట్టేస్తున్నా. కాసేపాగి తిందురుగాని.

ఇదుగో, ఇటు చూడండి. ఇవాళ మీతో ఒక సంగతి తేల్చుకోవాలి. నాలుగింటికి టొరంటో నుంచి డెనీస్ ఫోన్ చేస్తానంది. ఇప్పుడు రెండున్నర దాటింది. ఆలోపు మీరు నాకు అవునో కాదో చెప్పాలి.

అదుగో, అప్పుడే చెయ్యి నొక్కేశారు! ఇంకా అడగందే! ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లయితే కాదు అని స్పీచ్ థెరపీ అమ్మాయి నేర్పింది గానీ, మీరు అన్నిటికీ ఒకసారే నొక్కుతారు. నిన్న "మనం రాజమండ్రిలో ఉన్నామా" అని అడిగితే కూడా అవునన్నారు. కిటికీలోంచి చూస్తే బయట పార్కింగ్‌లో మోకాల్లోతు మంచు. ఆ నొక్కుడు ఇప్పుడే నమ్మకండి, ఇంకా టైం పడుతుంది అందా అమ్మాయి. మరి నేను ఎవర్ని అడగాలి?

ఐదు వారాలైంది స్ట్రోక్ వచ్చి. ఐదు వారాలుగా మీ నోట వచ్చేది ఒక్కటే, తత్తా. దాహమేస్తే తత్తా. నొప్పెడితే తత్తా. మొన్న ఏజాక్స్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుంటూ మన తేజు వస్తే, దానికీ తత్తా. పిల్ల మీ ముందు నవ్వి, కారిడార్‌లోకి వెళ్ళి గోడకేసి తల ఆనించుకుని ఏడ్చింది.

పొద్దున ఆ అమ్మాయి మీ ముందు కార్డులు పరిచింది. కప్పు, చెంచా, కుక్క. కప్పు ఏదో చూపించండి అంటే మీరు కుక్కని చూపించారు. తప్పని మీకే తెలిసిపోయింది. ఎడమ చేత్తో కార్డులన్నీ తోసేశారు.

అర్థం వద్దు వద్దు అన్నారుగా జన్మంతా! "అర్థం అనేది మాట మెడలో గుదిబండ బేబీ, అది తీసేస్తే శబ్దం తేలికపడుతుంది" అనేవారుగా. తీసేశాడు దేవుడు. ఇప్పుడు చాలా? చల్లగా ఉందా ప్రాణానికి?

ఛీ, నా నోరు పడిపోను. ఏదో కడుపు మంటలో అన్నాను. చూడండి ఇటు. ఏడవకండి. ఉండండి, తుడుస్తాను.

పెళ్ళిచూపుల్లో కవిత్వం రాస్తానన్నారు. మా నాన్న పొంగిపోయాడు, ఎవరైనా ఇంటికొస్తే చాలు, అల్లుడు కవి అని చెప్పుకునేవాడు. పెళ్ళయిన నెలకి అడిగాను, ఏదీ ఒకటి చదవండి అని. కళ్ళు మూసుకుని "ళ" అనే ఒక్క అక్షరం మీద పావుగంట సాగదీశారు. చివరికి పక్కింటావిడ తలుపు కొట్టి, ఒంట్లో బాలేదా అని అడిగింది. నేను ఆవిడకి ఏమని చెప్పాను? పంటి నొప్పి అన్నాను.

అప్పట్నుంచీ ఇదే నా పని, మీరు చేసేదానికి వేరే పేరు పెట్టి నలుగురికీ చెప్పడం.

ఈ విండ్సర్ వచ్చాక కార్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు చేశారు. పెయింట్ లైన్‌లో ఇన్‌స్పెక్టర్. మిగతావాళ్ళు చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకుంటే మీరు తీసేసేవారట, మిషన్ల చప్పుడు వినాలని. రెండుసార్లు వార్నింగ్ ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ చప్పుళ్ళన్నీ నోటితో చేసి చూపించేవారు. తేజు అప్పటికి పదేళ్ళది, స్కూల్ ఫ్రెండ్స్‌ని ఇంటికి తీసుకురావడం మానేసింది.

మరి ఆ తలకట్లు? మూడేళ్ళు కూర్చుని, ఇంత పొడుగు కాగితపు చుట్ట మీద అక్షరాలు లేకుండా ఉత్త తలకట్లు గీశారు. అక్షరాలన్నీ వెళ్ళిపోయాక వాటి తలకట్లు మిగిలిపోయాయి బేబీ అన్నారు. హాల్లో గోడ నిండా పెట్టారు. వచ్చినవాళ్ళు చూసి, "తేజశ్రీ చిన్నప్పుడు గీసిందా ఆంటీ" అని అడిగేవారు. అవునమ్మా అనేదాన్ని. మీరు వంటింట్లో ఉండి విన్నారు ఒకసారి. ఏమీ అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది.

ఆ ఉగాది గుర్తుందా? అసోసియేషన్ కవి సమ్మేళనం. అందరూ కోయిలలూ మావిచిగుళ్ళూ చదివితే, మీరు స్టేజి ఎక్కి ప్రెషర్ కుక్కర్ మొదలుపెట్టారు. ఆవిరి పట్టడం, వెయిట్ కదలడం, మూడు విజిళ్ళు, మళ్ళీ చల్లారడం. తొమ్మిది నిమిషాలు. పిల్లలు పడి పడి నవ్వారు. ప్రెసిడెంట్ వెంకటసుబ్బయ్య గారు పాపం నెమ్మదిగా వచ్చి, భోజనాలు చల్లారిపోతున్నాయండీ అని మైకు చేతిలోంచి తీసేసుకున్నారు.

నేనప్పటికే పులిహోర లైన్లో నిలబడి ఉన్నాను, స్టేజికి వీపు పెట్టి. కార్లో అడిగారు, ఎలా ఉందని. బాగుందన్నాను.

ఏంటలా చూస్తారు? తెలుసా మీకు? తెలుసులెండి. ఎప్పుడడిగినా బాగుందనే అనేదాన్నిగా. ఇరవై తొమ్మిదేళ్ళు. నాకు ఒక్కటీ నచ్చలేదండీ. ఒక్కటంటే ఒక్కటి. మీరు మంచివారు, దురలవాట్లు లేవు, ఏదో ఈ పిచ్చి ఒకటి, పోనీలే అనుకున్నాను.

సరే, అసలు సంగతికి వస్తాను. తప్పించుకుంటున్నాను నేను.

ప్రతి ఆదివారం మూడింటికి బేస్‌మెంట్‌లో రికార్డింగ్. మీరు ఆ స్టూలు మీద, నేను ఫర్నేస్ పక్కన మడత కుర్చీలో, చేతిలో ఫోన్. రూల్ ఒకటే. మీరు కుడిచెయ్యి ఎత్తేదాకా నేను ఆపకూడదు, మాట్లాడకూడదు, కదలకూడదు. మొదట్లో ఒకసారి మీ మొహం ఎర్రబడిందని భయపడి మధ్యలో లేచాను కదా. ఎంత కోప్పడ్డారు! జన్మలో నన్ను కోప్పడ్డది ఆ ఒక్కసారే. "నేను చస్తున్నట్టు కనపడినా సరే, చెయ్యి ఎత్తేదాకా ఆపకు" అన్నారు. ఆ మాట మీదే. నాది కాదు.

నేను ఆపగానే అది దానంతటదే టొరంటోలో డెనీస్ దగ్గరికి వెళ్ళిపోతుంది. ఫోన్‌లో ఆ ఏర్పాటు తేజు చేసిందే. ఈ దేశంలో మిమ్మల్ని కవి అని పిలిచింది ఆ డెనీస్ ఒక్కతే. ఏడాదికోసారి శబ్ద కవిత్వమని పండగ చేస్తుంది. ఒకసారి రైలెక్కి వచ్చి, మన పప్పూ ఆవకాయా తిని, కారానికి ముక్కు కార్చుకుంటూ మీ ముందు కూర్చుని విన్నది. ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదయితే నాకు ఇంత బాధ లేదు.

మీకు స్ట్రోక్ వచ్చిన ఆ ఆదివారంది ఉంది కదా. నలభై రెండు నిమిషాలు. అది విని డెనీస్ పెట్టిన మెయిల్ నేను నాలుగుసార్లు చదువుకున్నాను. ఆయన ఇన్నేళ్ళూ చేసినదంతా దీనికోసమే అని రాసింది. మార్చిలో పండగ దాంతోనే మొదలుపెడతారట. చీకటి గదిలో ఎనిమిది స్పీకర్లు పెట్టి, జనాన్ని నేల మీద కూర్చోబెట్టి వినిపిస్తారట. మీరు చెప్పే స్థితిలో లేరు కాబట్టి నేను ఊ అంటే చాలట.

ఆవిడకి తెలీదండీ. రికార్డింగ్ అయ్యాక సాయంత్రం ఎప్పుడో మీరు పడిపోయారనుకుంటోంది. నేనే అలా చెప్పాను. తేజుకి ఇంకోలా చెప్పాను. నాన్న ఒక్కరే చేసుకుంటున్నారు, నేను పైన వంకాయలు తరుగుతున్నాను, కిందికెళ్ళేసరికి అలా ఉన్నారు అని. ఆస్పత్రిలో మాత్రం అబద్ధం ఆడలేదు. ఎప్పటిదాకా బాగున్నారని అడిగారు. మూడింటిదాకా అన్నాను. అది నిజమే. అప్పుడు ఎదురుగా ఎవరున్నారని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఇలాంటివాటిలో ఒక్కో నిమిషమూ లెక్కే అన్నాడు ఆ డాక్టర్, మామూలుగా. నా వైపు చూసి కూడా అనలేదు.

ఇప్పుడు డెనీస్‌కి ఊ అన్నాననుకోండి. నా మొగుడి మెదడులో నెత్తురు ఆగిపోతుంటే ఊళ్ళోవాళ్ళంతా కూర్చుని విని చప్పట్లు కొడతారు. వద్దన్నాననుకోండి. ఎందుకు అంటుంది. ఎందుకో చెప్తే తేజుకి తెలుస్తుంది. పిల్ల నన్ను క్షమించదు. క్షమించినా, అమ్మా అని పిలిచినప్పుడల్లా నేను వేరేగా వింటాను.

నా సంగతి పోనీండి. మీ మాటేంటి? మధ్యలో ఒక దగ్గు పడితే మొత్తం చెరిపేయమనేవారు. నేను ఎంచుకోని చప్పుడు నాది కాదు అనేవారు. మరి ఇందులో మీరు ఎంచుకున్నది ఏదండీ? మొదటి తొమ్మిది నిమిషాలు మీవి. తర్వాతవి ఎవరివి?

పోయిన వారం మీ చెవుల్లో పెట్టి రెండు నిమిషాలు వినిపించాను. మీరు నవ్వారు. ఈ ఎడమచెయ్యి దుప్పటి మీద తాళం వేసింది. గుర్తుపట్టారా? నచ్చిందా? లేక ఊరికే చెయ్యి వణికిందా? థెరపీ అమ్మాయిని అడగబోయి ఊరుకున్నాను. ఏమని అడుగుతాను?

ఇంకొకటి కూడా అడిగింది డెనీస్. ముప్పై ఒకటో నిమిషం దగ్గర ఎవరో ముక్కు ఎగబీల్చినట్టు వినిపిస్తోంది, ఏడుస్తున్నట్టు ఉంది, అది కవితలో భాగమేనా, ఉంచమంటారా తీసేయమంటారా అని.

అది నేనేనండీ.

కాదు, భయపడి కాదు. ఇది మీకు చెప్పకపోతే నేను బతకలేను, వినండి. తొమ్మిదో నిమిషం దాకా ఎప్పటిలాగే ఉంది, నేను మనసులో రేపటి కూర గురించి ఆలోచించుకుంటున్నాను. తర్వాత మీ గొంతు మారింది. మాటల్లానే ఉన్నాయి, మాటలు కావు. తేజుకి మాటలు రాకముందు ఉయ్యాల్లో తనలో తను చెప్పుకునేది చూడండి, అలా. ఎవరికో ఏదో చెప్పాలని, రాక, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ రాక. నా కళ్ళలోకి చూస్తూ. ఎప్పుడూ కళ్ళు మూసుకుని చేసే మనిషి, ఆ వేళ నన్నే చూస్తూ చేశారు. ఎప్పుడు ఏడుపొచ్చిందో నాకే తెలీదు. ఇదా కవిత్వమంటే, ఇన్నాళ్ళూ ఇదా ఈయన వెతుక్కున్నది అనుకున్నాను. నాకు నచ్చింది. మొట్టమొదటిసారి, నిజంగా నచ్చింది.

చేతికేసి చూశాను. మోకాలి మీద ఉంది కుడిచెయ్యి. ఎత్తలేదు. ఇక మీరు ఎత్తలేరని, అది ఎత్తే చెయ్యి కాదని నాకేం తెలుసు? రూల్ పెట్టింది మీరు. తేజు అడిగితే ఇదే చెప్తాను. డెనీస్‌కీ ఇదే చెప్తాను. రూల్ ఉంది కాబట్టి కదల్లేదు అంటాను. ఎవరూ నన్ను తప్పుపట్టరు.

కానీ మీకు అబద్ధం చెప్పలేను. ఇరవయ్యో నిమిషం దగ్గర మీ నోటి పక్కనుంచి చొంగ కారింది. ఒక పక్కే కారింది. మీరు తుడుచుకోలేదు. అప్పుడే అనుమానం వచ్చిందండీ నాకు. వచ్చినా, ఇంకాసేపు విన్నాను.