మంచు కదలకముందు కాసేపు

1989వ సంవత్సరం నవంబరు ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మన దృశ్య భాండాగారంలో ఫిల్ము పరిశీలకురాలిగా ఉద్యోగంలో చేరిన నాటి నుండి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, ఒకే అంతస్తులో, ఒకే నడవా చివర, కిటికీ లేని ఒకే గదిలో కూర్చుని, ఎక్కడెక్కడో విరిగిపడిన మంచు చరియల దృశ్యాలను వెతికి, వాటి పుట్టుపూర్వోత్తరాలు తేల్చి, అడిగినవారికి అందించిన మా సహోద్యోగిని సేవలను స్మరించుకోవడం ఈ సంచికకు దక్కిన గౌరవం. హాజరు పట్టీలో వారికి వేరే పేరున్నప్పటికీ, డైరెక్టరు గారి మొదలు లిఫ్టు నడిపే పెద్దాయన వరకు అందరికీ వారు 'మంచక్క'. తమ్ముడి కూతురు ఎప్పుడైనా కలిసినప్పుడు అత్తా అని పిలుస్తుంది గాని, ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు "మంచక్క ఉన్నారా అండీ?" అని గొంతు మార్చి అడుగుతుంది. మేమూ తెలియనట్టే "ఎవరు మాట్లాడేది?" అని అడుగుతాం.

తొలినాళ్లలో వారి విధి తెల్లని నూలు తొడుగులు ధరించి, డబ్బాల్లో నుండి ఫిల్ము చుట్టలు బయటికి తీసి, చిరుగులు అతికి, బూజు తుడిచి, మళ్లీ చుట్టి పెట్టడం. పాతబడిన ఫిల్ము పులిసిన వాసన వేస్తుంది. ఆ వాసన చీరకు పట్టి బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండేదని, అందువల్ల తనకెప్పుడూ నిలబడి ప్రయాణించే అవసరం రాలేదని వారు చెప్పేవారు. నవ్వుతూనే చెప్పేవారు. విన్నవాళ్లం మేమూ నవ్వి ఊరుకునేవాళ్లం.

అనంతరం ప్రకృతి వైపరీత్యాల విభాగం ఏర్పడినప్పుడు పనులు పంచుకోవలసి వచ్చింది. వరదలకూ తుపానులకూ గిరాకీ ఎక్కువ గనుక వాటి కోసం సీనియర్లు పోటీపడ్డారు. అగ్నిప్రమాదాలు డైరెక్టరు గారి బావమరిదికి వెళ్లాయి. చివరికి మంచు మిగిలింది, నోరు మెదపకుండా కూర్చున్న ఆమె మిగిలారు. ఒకరికొకరు అలా అంటగట్టబడిన ఆ జంట ఇన్నేళ్లు కలిసి కాపురం చేస్తుందని ఎవరూ ఊహించలేదు. సొంత పెళ్లి గురించి అడిగినవారికి మాత్రం "అడిగినవాళ్లు నాకు నచ్చలేదు, నాకు నచ్చినవాళ్లు అడగలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు.

వారి పనితీరు గురించి రెండు మాటలు చెప్పడం అవసరం. ఏ దృశ్యం వచ్చినా ముందు శబ్దం కట్టేసి చూస్తారు. నీడలు ఎటు పడుతున్నాయో, కరెంటు స్తంభం ఏ వైపు ఒరిగిందో, దారి ఎక్కడ మలుపు తిరుగుతోందో గమనిస్తారు. ఒకే కొండ ఒకే రోజు కూలిన దృశ్యాన్ని మూడు సంస్థలు మూడు దేశాల పేర్లతో అమ్ముకుంటున్న వైనాన్ని ఒక ఒరిగిన స్తంభం సాయంతో పట్టుకున్నది వారే. ఒక నిర్మాత తన చిత్రంలో అదే దృశ్యాన్ని కుడి ఎడమలు మార్చి రెండోసారి వాడుకుంటే, ఫోన్ చేసి "పాపం, మీ కొండ విశ్రాంతికి ముందోసారి, తర్వాతోసారి కూలిందండీ" అని పరామర్శించిందీ వారే. "హీరోయిన్ బెదిరిపోకుండా మెల్లగా పడే మంచు చరియ" కావాలన్న దర్శకుడికి కూడా మర్యాదగానే జవాబిచ్చారు. అన్నిటికంటే మిన్నగా, కెమెరా వెనక నిలబడ్డ మనిషి ఎవరో తేలకుండా ఏ దృశ్యాన్నీ గడప దాటనిచ్చేవారు కాదు. తీసినవారినీ, తీసినవారు పోతే వారి పిల్లలనూ వెతికి పట్టుకుని, అనుమతి అడిగి, ఎలా ఉన్నారో కనుక్కున్న తరువాతే కాగితం మీద సంతకం చేసేవారు.

ఒకసారి భాండాగారాల సమావేశానికి చలిదేశం పంపించాం. తిరిగి రాగానే అందరం చుట్టూ మూగి "ఎలా ఉందక్కా మంచు?" అని అడిగితే, కాసేపు ఆలోచించి, "బాగానే ఉంది గాని, కదలట్లేదు" అన్నారు.

పరిశోధనాధికారిగా, ఆపై విభాగాధిపతిగా పదోన్నతులు లభించినా వారి గది మారలేదు, దినచర్య మారలేదు. ఉన్న మాట చెప్పాలంటే, ఆ దినచర్యలో మనుషులు చాలా తక్కువ. చీకటి గదిలో తెర మీది తెల్లదనం ముఖం మీద పడుతుండగా కూర్చుని, వారు బయటికొచ్చేసరికి మేమంతా భోజనాలు ముగించి చేతులు కడుక్కునేవాళ్లం. సాయంత్రం మేడ మీది రెండు గదుల వాటాకు చేరితే పలకరించేది రేడియో ఒక్కటే. ఒక్క మనిషికి సరిపడా వండడం ఇన్నేళ్లయినా చేతకాలేదని, కూర ఎప్పుడూ మిగిలిపోతుందని ఒకసారి అన్నారు. అది ఒంటరితనమే. దానికి మరో మంచి పేరు పెట్టి ఈ వ్యాసాన్ని అలంకరించడం వారికి ఇష్టం లేదు.

ఇక వారి ఆజ్ఞ మేరకు రాస్తున్న భాగం. "పొగడ్తలు ఎన్నయినా రాసుకోండి. ఈ సంగతి వదిలేస్తే మాత్రం వ్యాసం వేయొద్దు" అని వారు ఖరాఖండిగా చెప్పారు.

కొన్నేళ్ల క్రితం ఒక గురువారం మధ్యాహ్నం, దూరాన ఒక కొండ ఊరి నుండి ఒక వృద్ధురాలు మంచక్కకు ఫోన్ చేశారు. కోడలు బజారుకు వెళ్లగా ఇంట్లో ఒంటరిగా కూర్చుని టీవీ చూస్తుంటే, ఒక చిత్రంలో మంచు చరియ పడిందట. చివర మన సంస్థ పేరు వస్తే, కోడలు తిరిగొచ్చాక ఆమె చేత నంబరు వెతికించుకున్నారట.

"ఆ మలుపు మా ఆయన దారమ్మాయ్. దారి మీద మంచు తీసే బండి నడిపేవాడు. ఆ రోజు ఆయన్ని కూడా తీశారు. మరి అందులో ఆయనేడీ?"

"ఇందులో మనుషులెవరూ లేరండీ. దృశ్యం వివరాలు రాసిపెట్టిన మా కార్డు మీద కూడా అలాగే ఉంది."

"కార్డుకేం తెలుసు? నన్ను సినిమా తీశారే అని ఆ సాయంత్రం ఊరంతా చెప్పుకున్నాడు. కోతలు కోసేవాడే గాని, లేనిది పుట్టించే మనిషి కాదు."

ఆ భర్త మంచు కింద పడి చనిపోలేదు. ఆ తరువాత చాలా ఏళ్లు బతికి, మామూలు జ్వరంతో తన మంచం మీదే కన్నుమూశారు. ఫోటోలు ఉన్నాయి. "వాటిలో బిగుసుకుపోయి ఉంటాడమ్మాయ్. నడిచేది ఒక్కటీ లేదు. నడిచేటప్పుడు చూడాలి ఆ మనిషిని" అన్నారామె.

మంచక్కకు విషయం అర్థమైంది. కొనేవారికి కావలసింది కూలే మంచు. అందుచేత ఆ దృశ్యం చేతులు మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు దాని మొదలు కత్తిరించారు. మంచు కదలకముందు కాసేపు, ఏమీ జరగని ఆ భాగాన్ని ఎవరూ దాచుకోలేదు. కార్డు అబద్ధం చెప్పలేదు, మనిషిని తీసేశాక రాసిన కార్డు అది. నేను వెతుకుతాను పెద్దమ్మా అని ఆమె మాట ఇచ్చారు.

ఆ రోజు నుండి ప్రతి గురువారం ఫోన్ మోగేది. వార్తాచిత్రం నుండి డాక్యుమెంటరీకి, అక్కడి నుండి రహదారుల శాఖ తీయించిన శిక్షణ చిత్రానికి, ఒక్కో మెట్టే వెనక్కి వెళ్తూ మంచక్క సాగించిన వెతుకులాట ముందుగా మాటల్లోకి వచ్చేది. తరువాత పెద్దమ్మ మోకాళ్లు, కోడలి కోపతాపాలు, వాళ్ల ఊళ్లో పెరిగిన ధరలు వచ్చేవి. చివర "ఇవాళ ఏం వండావమ్మాయ్?" అనే ప్రశ్న వచ్చేది. ఆ ప్రశ్న వారిని అడిగే మనిషి అప్పటికి మరొకరు లేరు. గురువారం ఉదయం వారు కాస్త మంచి చీర కట్టుకొస్తారని చెక్క అడ్డుగోడకు ఇవతల కూర్చునే ఈ వ్యాసకర్త గమనించి, హాస్యానికి ఒకటి రెండు మాటలు అన్న సంగతి కూడా నిజం.

ఎట్టకేలకు ఖాళీ చేస్తున్న ఒక పాత ఎడిటింగు గదిలో, కోత ముక్కలు పడేసిన డబ్బాలో, ఆ భాగం దొరికింది. మంచక్క దాన్ని ఒంటరిగా చూశారు. మలుపు దగ్గర బండి ఆగుతుంది. పొడవాటి మనిషి దిగి, దారి ఖాళీగా ఉందో లేదో అటూ ఇటూ చూసి, కెమెరా వైపు నడుచుకుంటూ వస్తాడు. టోపీ తీసి, జుట్టు సవరించుకుని, మళ్లీ పెట్టుకుంటాడు. ఏదో అని నవ్వి, పక్కకు తప్పుకుంటాడు. ఆ తరువాతే పైన మంచు పగులుతుంది.

గురువారం ఫోన్ మోగింది. దొరికిందా అని పెద్దమ్మ అడిగారు. "ఇంకా వెతుకుతున్నాను పెద్దమ్మా" అన్నారు మంచక్క.

దొరికిందని చెబితే ఆ ఫోన్ ఇక రాదేమోనన్న భయం అది. మరుసటి గురువారమూ అదే మాట. అలా వాన కాలమంతా గడిచిపోయింది. ఒకనాడు పెద్దమ్మకు బదులు కోడలు మాట్లాడింది.

"అత్తయ్యకి చూపు బాగా తగ్గిపోయిందండీ. మొన్న పాలలో ఉప్పేశారు. డాక్టరు గారు ఇంక చేసేదేం లేదన్నారు."

మంచక్క ఆ రోజే ప్రతి తీయించి పంపించారు. అది చేరి, కోడలు టీవీలో పెట్టి, ఫోన్ కలిపి ఇచ్చేసరికి ఆలస్యమైపోయింది.

"తెల్లగా ఉందమ్మాయ్. అంతా తెల్లగానే ఉంది. వచ్చాడా ఆయన?"

"వచ్చారు పెద్దమ్మా."

"ఎటు నుంచి?"

"మలుపు వైపు నుంచి. బండి దిగారు. మన వైపే నడుస్తున్నారు."

"కుడి భుజం కొంచెం వంచి నడుస్తున్నాడా?"

"అవును. ఇప్పుడు టోపీ తీశారు."

"జుట్టు సవరించుకుంటాడు చూడు."

"సవరించుకుంటున్నారు పెద్దమ్మా. నవ్వుతున్నారు."

"మళ్లీ చెప్పు" అని అవతలి నుండి వినిపించింది. అది మొదలు ప్రతి గురువారం మంచక్క ఆ నడకను ఫోన్‌లో చెబుతూ వచ్చారు. తెర అవసరం కూడా లేకపోయింది. ఈ వ్యాసకర్తకు సైతం అడ్డుగోడకు ఇవతల విని విని అది కంఠస్థమైంది.

ఇటీవల విరమణ ఉత్తర్వు అందినప్పుడు, "మీ ఇంటి నంబరు ఇచ్చేస్తే సరిపోతుంది కదక్కా" అని సలహా చెప్పాం. "నంబరు ఇచ్చే ముందు ఆవిడకి నిజం చెప్పాలి. వినేవాళ్లు నేను ఎవరో తెలుసుకుని వినాలి" అన్నారు. చెప్పారు కూడా. దొరికాక కూడా దాచానని, ఆ రోజే పంపి ఉంటే నీ కళ్లతోనే చూసి ఉండేదానివని, దాచింది నీ ఫోన్ కోసమేనని, ఒక్క మాట మిగల్చకుండా చెప్పారు. పెద్దమ్మ ఫోన్ పెట్టేశారు.

తరువాతి గురువారం ఫోన్ మోగలేదు. ఆపై గురువారమూ మోగలేదు. "మీరే చెయ్యండక్కా" అంటే, "ఆవిడ చెయ్యాలి. నాకు చేసే మొహం లేదు" అన్నారు. ఆ రెండు మధ్యాహ్నాలూ భోజనం డబ్బా మూత తీయకుండా కూర్చున్నారు. ఇన్నేళ్లలో వారిని మేము అంత ఒంటరిగా ఎన్నడూ చూడలేదు.

గత గురువారం, ఉద్యోగంలో వారి చివరి గురువారం, ఫోన్ మోగింది. ఎత్తుతూ వారే లౌడు స్పీకరు నొక్కారో, పొరపాటున అదే నొక్కుకుపోయిందో గాని, అవతలి గొంతు గదంతా వినిపించింది.

"కోపం తగ్గలేదమ్మాయ్. తగ్గుతుందని కూడా అనుకోకు."

"తెలుసు పెద్దమ్మా."

"మా కోడలి చేత పెట్టించుకున్నాను. దానికి చెప్పడం రాదు. నడుస్తున్నాడు అత్తయ్యా, వెళ్లిపోయాడు అత్తయ్యా అంటుంది. అంతే. నాకు ఆయన్ని చూపించేవాళ్లు ఇంకెవరున్నారు? ఇంటి నంబరు దీనికి రాయించు. రాయించి, ఆ మలుపు దగ్గర్నుంచి చెప్పు."

మేము తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేశాం.

సుదీర్ఘమైన, నిష్కళంకమైన సేవ అని రాయబోతే ఆ రెండవ విశేషణాన్ని వారే కొట్టేశారు గనుక, సుదీర్ఘమైన సేవ అని మాత్రం సవినయంగా పేర్కొంటూ, మా మంచక్క గారికి ఆ మేడ మీది వాటాలో ప్రశాంతమైన జీవితమూ, తడబడని గొంతూ, చెదరని జ్ఞాపకమూ, చెప్పడానికి వారికీ వినడానికి ఆ పెద్దమ్మకూ ఇంకా ఎన్నో గురువారాలకు సరిపడా ఆయురారోగ్యాలూ కలగాలని సంస్థ సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాం.