సుభాని ఆపద సంచి

శుక్రవారం మధ్యాహ్నం. జుబైల్ లేబర్ క్యాంపు గదిలో ఫిట్టర్ మహబూబ్ సుభాని. హఫర్ అల్ బాతిన్‌లో తాను పనిచేసే ఇంటి వంటగదిలో అతని అక్క రహమత్బీ. మధ్యలో ఒక ఫోను, బోలెడంత ఎడారి.

“అది కాదక్కా, సైరన్ మోగితే నువ్వేం చేస్తావు? అది చెప్పు ముందు.”

“స్టవ్ ఆర్పుతా.”

“ఆర్పి?”

“గిన్నె మీద మూత పెడతా. అన్నం చల్లారితే మా మేడమ్ మోగుతుంది. ఆమె ముందర నీ సైరన్ సైలెంటు.”

“నవ్వులాట కాదు. మొన్న ఫోన్లన్నీ ఒక్కపారి గీపెట్టినాయి. పరీక్ష అన్నారు, సరే. రేపు పరీక్ష కాక నిజంగా యుద్ధమే అయితే? కిటికీలకు దూరంగా, లోపలి గదిలో, గోడ పక్కన కూర్చోవాలని ఎన్నిసార్లు చెప్పినా?”

“ఈ ఇంట్లో కిటికీ లేని గది నాదొక్కటే. సైరన్ మోగితే ఇంటిల్లిపాదీ నా గదిలోకి రావాల్సిందే. చెప్పులు బయట విడిచి రమ్మంటా.”

“నీళ్ళు?”

“ఆరు సీసాలు పట్టి పెట్టినా. బీపీ మాత్రలు నెలకు సరిపడా ఉండాయి. చెప్పులు మంచం పక్కన, టార్చి దిండు పక్కన. ఇంగేమన్నా ఉందా సారూ?”

“విజిల్?”

“మేడమ్ కూతురు తీసుకునింది. ఇప్పుడు టీ కావాలన్నా ఊదుతుంది. నీ పుణ్యమా అని రైలు గార్డు ఇంట్లో పనిచేస్తాండా.”

“అది శిథిలాల కింద ఇరుక్కుంటే ఊదడానికక్కా.”

“గిన్నెల కింద ఇరుక్కున్నా కదా, చాల్లే. ఖర్జూరాలు కూడా పంపినావు. సౌదీ ఇంటికి ఖర్జూరాలు. మా డ్రైవరుకు చెప్తే, మీ తమ్ముడు సముద్రానికి ఉప్పు కూడా పంపుతాడా అని అడిగినాడు. దిండంటే గుర్తొచ్చింది. నేను కుట్టి పంపిన దిండు మీదనే పండుకుంటాండావా?”

“అది దిండా, గుండా? తల అటు తిప్పితే గర, ఇటు తిప్పితే గర. దూదిలో గింజలు తీయలేదా ఏంది?”

“దూదేకులోళ్ళ ఇంట పుట్టినదానికి గింజలు తీసేది నేర్పిస్తాండావా? మేడమ్ పాత రజాయి పారేస్తాంటే అడిగి తీసుకుని, రెండు రోజులు చేత్తో ఏకినా. ఎవురికీ ఇయ్యొద్దని చెప్పినా, గుర్తుందా?”

“గుర్తుందిలే. అక్కా, అసలు సంగతేందంటే...”

“ఉండు. ఇది ఎవురి ఫోను? నువ్వు చేస్తే నీ బొమ్మ కనపడాల. కనపడలా.”

“ఆఫ్తాబ్‌ది. మా గదిలో ఉంటాడే, లక్నో ఆయన. నా ఫోను చార్జింగులో ఉంది.”

“పవర్ బ్యాంకులు రెండు కొంటివే.”

“అవి కూడా చార్జింగులోనే ఉండాయి.”

“బ్యాంకులు కూడా ఇంకొకరి మీద పడి బతుకుతాండాయన్నమాట.”

“అది వదిలెయ్. మూడు నెలల కింద అబ్దుల్ ఘనీ లారీలో నీకు ఎర్ర కవరు పంపినా కదా.”

“పంపినావు. దాంట్లో నీ కాగితాల నకళ్ళు. ఒకరివి ఇంకొకరి దగ్గర ఉండాలని గంటసేపు ఉపన్యాసం కూడా పంపినావు.”

“ఆ కవరు తీసి, నా ఇకామా గుర్తింపు కార్డు కాపీ ఫోటో కొట్టి ఈ నంబరుకు పంపు. ఊరికే. డ్రిల్లు.”

“డ్రిల్లా?”

“ప్లాంటులో చేయిస్తారు. నిప్పు లేకపోయినా అందరం ఉరికిపోయి ఒకచోట నిలబడాల. అట్లాంటిదే. నువ్వెంతసేపట్లో పంపుతావో చూద్దామని.”

“నిప్పు లేకుండానే ఉరుకుతాండావా, అంటుకున్నాక ఉరుకుతాండావా?”

“డ్రిల్లే అక్కా.”

“సుభానీ. నీ ఆపద సంచి యాడుంది?”

“ఏ సంచి?”

“ఆపద సంచి. ఆ పెద్ద సంచి. నడుముకు కట్టుకుని, ఆరో నెల కడుపుతో ఉన్నట్టు తిరుగుతావే.”

“ఉంది.”

“యాడ?”

“ఉండాల్సిన చోట.”

“అంటే నీ నడుముకు.”

“కొంచెం అవతల.”

“ఎంత అవతల?”

“దమ్మామ్‌లో ఉండొచ్చు. ఇంకా అవతల ఉండొచ్చు. ఆ టాక్సీ యాడికి పోయిందో నాకేం తెలుసు?”

“టాక్సీనా?”

“నిన్న దమ్మామ్ పోయి వచ్చినా. కూర్చుంటే కడుపులో పొడుస్తాందని సంచి విప్పి పక్కన పెట్టినా. నేను దిగినా, సంచి సంచారానికి పోయింది.”

“దాంట్లో ఏమేముండాయి?”

“ఫోను. ఇకామా కార్డు. ఇకామా కాపీ. పాస్‌పోర్టు కాపీ. రెండో సిమ్ము. పవర్ బ్యాంకులు. మళ్ళీ... సంచి పోతే ఎవరెవరికి ఫోన్ చేయాలో రాసుకున్న చీటీ.”

“ఆ చీటీ కూడా సంచిలోనే.”

“ఆ చీటీ కూడా సంచిలోనే. అన్నీ ఒకచోట ఉంటే పోవని.”

“పోలేదులేరా. అన్నీ ఒకచోటనే ఉండాయి.”

“నవ్వుకో అక్కా. నవ్వడం అయిపోయినాక చెప్పు.”

“నవ్వడం లేదు. ఉల్లిపాయలు కోస్తాండా. ఇప్పుడేమవుతుంది నీకు?”

“రేపు పొద్దున అయిదింటికి బస్సు. కొత్త ప్లాంటులో షట్‌డౌన్ పని, యంత్రాలాపి రిపేర్లు, నలభై రోజులు. ఇకామా చూసి గేటు పాసు రాస్తారు. కార్డు పోయిందంటే మా ఫోర్‌మన్ కొంచెం మెత్తబడినాడు. కాపీ అన్నా చూపిస్తే నేను మాట్లాడతా, అదీ లేకుంటే నీ పేరు కొట్టేసి ఇంకొకర్ని ఎక్కిస్తా అన్నాడు.”

“మీ ఆఫీసులో ఉండదా కాపీ?”

“ఆదివారం దాకా ఆఫీసు తెరవరు. క్లర్కు ఫోనెత్తడు. పోలీసులకు చెప్పుకుందామన్నా ఇకామా నంబరడుగుతారు. సిమ్ము తీసుకుందామన్నా నంబరే. పది అంకెలు. పదేండ్లు జేబులో మోసినా. రెండుతో మొదలవుతుందని తప్ప ఒక్కటీ గుర్తు లేదు. ఈ దేశంలో బయటోళ్ళందరిదీ రెండుతోనే మొదలవుతుంది. ఇకామా పోయినాక, ఇక ‘అమ్మా’ అనుకుంటా కూర్చున్నా.”

“మల్ల నా నంబరెట్ల దొరికింది నీకు?”

“అదొక్కటే నోటికొచ్చు.”

“ఎట్లొచ్చు?”

“ఎట్లొచ్చంటే ఏం చెప్పేది? నువ్వు ఈ దేశమొచ్చి సిమ్ము తీసుకున్న రోజు తొక్కుడుబిళ్ళ పాట మాదిరి కట్టి నాతో అప్పజెప్పించుకోలా? ఫోనుండంగా ఈ పాఠాలేంది పంతులమ్మా అని నేను నవ్వలా? పొద్దున్నుంచి ఆ పాటే పాడుకుంటాండా. ఆఫ్తాబ్ నాకు జ్వరమొచ్చిందనుకున్నాడు. ఇంగ కవరు తీయక్కా.”

“నీ కాగితాలు నా దగ్గర లేవురా.”

“లేవా?”

“నావి ఉండాయి. నీవి లేవు.”

“అక్కా, ఇప్పుడు ఎగతాళి వద్దు. నిజంగా వద్దు.”

“ఎగతాళి కాదు. ఈ ఇంట్లో నాకు బీరువా లేదు, పెట్టె లేదు, తలుపుకు గడియ లేదు. వారానికోసారి గదంతా సర్దుతారు. నీ కాగితాలు యాడ దాచేది? మన నాయన ఇంటి పట్టా యాడ దాచినాడు, చెప్పు.”

“నాయనా? పెట్టె... కాదు. పరుపులో. దూది మధ్యన పెట్టి కుట్టేసినాడు. ఆయన పోయినాక నువ్వే విప్పి తీసినావు. ఆ సోదంతా ఇప్పుడెందుకు?”

“నీ ఎర్ర కవరు వచ్చిన వారానికి, అదే లారీలో నీకేం పంపినా నేను?”

“ఏం పంపినావు, ఊరగాయ... దిండు.”

“ఆ దిండు యాడుంది?”

“ఆఫ్తాబ్ తలకింద. మెడనొప్పంటే ఇచ్చినా. గట్టిది మెడకు మంచిదని.”

“ఎవురికీ ఇయ్యొద్దన్నా.”

“అన్నావు.”

“ఆయన యాడున్నాడు?”

“ఇక్కడే. జుమా నమాజు చేసుకొచ్చి, బిర్యానీ తిని గురక పెడతాండాడు. పక్కనే.”

“లేపు.”

“ఆఫ్తాబ్ భాయ్. ఉఠో భాయ్. తకియా దేదో. అరే, నై భాయ్, జంగ్ నై షురూ హువా, తకియా చాహియే... యుద్ధమొచ్చిందనుకుని లేచినాడక్కా. చేతులు జోడిస్తాండాడు, పాపం.”

“కుడి మూల చూడు. ఎర్ర దారం కొస ఉంటుంది. కత్తెర వద్దు, లాగితే ఒకే పెట్టున వస్తుంది. నాయన కుట్టు అది.”

“లాగినా. ఆఫ్తాబ్, జరా పకడో. దూది... దూది... అక్కా.”

“ఏమి?”

“గరగర చేతికి తగిలింది.”

“కవరు మీద నూనె మరకుంటుంది, అది నాదే. లోపల బొమ్మ నీదేనా చూడు.”

“నాదే. మీసాలున్నప్పటిది. ఇకామా నంబరు... రెండు, నాలుగు, ఒకటి... అక్కా, చదవనా?”

“నాకెందుకు, నాకు చదువొచ్చా? నువ్వు పాట కట్టుకో.”

“మూడు నెలలు. మూడు నెలలు లక్నో ఆయన నా ఇకామా మీద నిద్రపోయినాడు. ఒక్క మాట, ‘ఒరేయ్, దిండులో పెట్టినా’ అని చెప్పింటే నీ సొమ్మేం పోయిండేది?”

“చెప్పింటే తీసి నీ సంచిలో పెట్టుకునేవాడివి.”